అడక్కుండా ఆదుకోవడం ఎలా?

టీవీలో నీళ్లు కనబడగానే కారు తాళాలు చేతిలోకి తీసుకోండి. ఎక్కడికి, ఎవరికోసం, ఏం పట్టుకుని వెళ్తున్నాం అనే ప్రశ్నలు పుట్టకముందే ఊరి పొలిమేర దాటెయ్యాలి. ఆలోచించడం మొదలుపెడితే సేవాభావం చల్లారిపోతుంది. బయల్దేరేటప్పుడు ఎవరైనా చాదస్తుడు 'లైఫ్ జాకెట్ ఉందా, టార్చి ఉందా, రాత్రికి మనం ఎక్కడ పడుకుంటాం' అని అడిగితే అతణ్ని ఎక్కించుకోకండి. ఆ సీట్లో సర్దుకుంటే ఇద్దరు ఔత్సాహికులు పడతారు.

ఈ సూచనలు శిక్షణ పొందినవాళ్లకి కావు. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) వాళ్లకి రబ్బరు పడవలుంటాయి, తాళ్లుంటాయి, ఎవరు ముందు దిగాలో ఎవరు గట్టు మీద ఉండాలో చెప్పే నాయకుడుంటాడు. వాళ్ల పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. అది చాలదన్నట్టు కేంద్రం 2016లో 'ఆపద మిత్ర' అని ఇంకోటి పెట్టి, ఊళ్లలో మామూలు కుర్రాళ్లకి 12 రోజుల శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. పన్నెండు రోజులు! ఆ టైములో మనం మూడు వరదలు చూసి రావచ్చు. ఇది మిగతావాళ్ల కోసం రాస్తున్నది. గుండె నిండుగా, చేతులు ఖాళీగా, బండిలో పెట్రోలు ఫుల్లుగా ఉన్నవాళ్ల కోసం.

బండి ఎక్కడ పెట్టాలి

అక్కడికి చేరగలిగే దారి ఒక్కటే ఉంటే, ఆ దారిలోనే పెట్టాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోకి వచ్చినప్పుడు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా రోడ్డు, ఆ తర్వాత నీళ్లు. అవతల వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, నందమూరి నగర్, పాయకాపురం, కండ్రిక. పడవ దింపాలన్నా, ముసలాయన్ని మోసుకొచ్చి అంబులెన్సు ఎక్కించాలన్నా, నీళ్ల ట్యాంకరు నిలబెట్టాలన్నా ఆ ఫ్లైఓవర్ మొదలే దిక్కు. కాబట్టి ఇలాంటి చోట పార్కింగుకి అంతకంటే మంచి స్థలం ఉండదని గ్రహించండి. ఎత్తు మీద ఉంటుంది, బండి మునగదు, పైనుంచి వరద మొత్తం కనబడుతుంది. వెనకనుంచి అంబులెన్సు హారన్ మోగిస్తే కంగారుపడొద్దు. మీరు వెనక్కి తీద్దామన్నా మీ వెనక మీలాగే పరోపకారానికి వచ్చిన కార్లు ఉంటాయి. వాళ్లని ముందు తియ్యమనండి. వాళ్లు మిమ్మల్ని ముందు తియ్యమంటారు. ఈలోగా డ్రైవరు దిగి స్ట్రెచరు మోసుకుంటూ నడిచి వెళ్లిపోతాడు, సమస్య దానంతటదే తీరిపోతుంది.

2024 జనవరి 1న జపాన్‌లో నోతో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు ఇషికావా ప్రభుత్వం 'దయచేసి ఎవరికివారు సొంతంగా రావద్దు, ఉన్న రెండు మూడు రోడ్లూ దెబ్బతిన్నాయి, సహాయ వాహనాలకి దారి ఉండనివ్వండి' అని జనాన్ని వేడుకుంది. జనం చాలామంది విన్నారు కూడా. అంత మొహమాటం మనకి పనికిరాదు.

ఏం పట్టుకెళ్లాలి

అందరూ పట్టుకెళ్లేదే. ఇందులో వేరే ఆలోచన చెయ్యకూడదు. భోజనం అంటే వెజ్ బిర్యానీ, లేదా సాంబారన్నం. పొద్దున నాలుగింటికి వండించి, పొగలు కక్కుతుండగానే పాలిథిన్ కవర్లో కట్టి మూతి బిగించండి. మధ్యాహ్నం రెండింటికి చేరేసరికి కవరు లోపల చెమట పట్టి, విప్పగానే పులుపు వాసన కొడితే అది వరద వాసనే అనుకుంటారు. పులిహోర వైపు మాత్రం వెళ్లొద్దు. చింతపండూ నూనే కలిసి సాయంత్రం దాకా పాడవకుండా ఉంటుంది. అంతసేపు ఉండే వంటకంలో మన తొందర ఎక్కడ కనబడుతుంది?

పంచడం గురించి ఒక్కటే సూత్రం: మొదటి సందులోనే అన్నీ అయిపోవాలి. నీళ్లు మోకాలి దాకా ఉన్న వీధిలో అప్పటికే నాలుగు సంస్థలు పంచి వెళ్లుంటాయి, మీరు ఐదో వాళ్లు. పీకల్లోతు ఉన్న చివరి వీధులకి వెళ్లాలంటే పడవ కావాలి, దారి చూపించే కుర్రాడు కావాలి, మీ ప్యాంటు తడుస్తుంది. ముందు వీధిలో మధ్యాహ్నం తిన్నవాళ్లకే మళ్లీ మధ్యాహ్నం పెట్టి, రాత్రికి అందరూ ఇళ్లకు వెళ్లిపోండి. ఆకలి రాత్రిపూట కూడా వేస్తుందన్న విషయం అధికారులు చూసుకుంటారు.

మూడో అంతస్తు నుంచి తాడుకి ప్లాస్టిక్ బకెట్ కట్టి కిందకి వదులుతారు. పై నుంచి ఒకావిడ వంగి కేకేస్తుంది. 'అన్నం పొద్దున ఎవరో ఇచ్చెళ్లారు నాయనా. పాపకి పాలపొడి ఏమన్నా ఉందా? మా ఆయనకి షుగరు బిళ్లలు అయిపోయి రెండ్రోజులైంది.' ఇలాంటప్పుడే నిబ్బరంగా ఉండాలి. 'వేడిగా ఉంది తీసుకోండి పిన్నిగారూ' అని రెండు బిర్యానీ ప్యాకెట్లు బకెట్లో పడేసి, అది పైకి వెళ్తుండగా ఫోటో తీసుకుని ముందుకు కదలాలి. పాలపొడి, బీపీ షుగరు బిళ్లలు, శానిటరీ ప్యాడ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, దోమల చక్రాలు, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు – ఇవన్నీ ఒక చిన్న సంచిలో పట్టేసే వస్తువులు. లారీ మీద బ్యానరు కట్టాలంటే లారీ నిండా సరుకుండాలి కదా. సంచికి బ్యానరు ఎక్కడ కడతాం?

ఇక బట్టలు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు పది వేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ అంతటివాళ్లు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. పాతకాలం వాళ్లు కాబట్టి వాళ్లకి డబ్బే గుర్తొచ్చింది. డబ్బుతో చిక్కేమిటంటే, బాధితుడు తనకేం కావాలో తనే కొనుక్కుంటాడు. పక్క వీధి కిరాణా కొట్టు వాడికి రెండు రూపాయలు వచ్చి అతను కూడా షట్టరు ఎత్తుతాడు. ఇంత జరిగినా మీ బీరువా మాత్రం ఖాళీ అవదు. అందుకే పాత బట్టలే మేలు. 2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉండేవి. సర్వం పోగొట్టుకున్న మత్స్యకారుల ఆడవాళ్లు కూడా పరాయివాళ్లు కట్టి విడిచినవి ముట్టుకోలేదు. అంత అభిమానమేమిటో! మనం అది పట్టించుకోకుండా జిప్పు పోయిన జీన్సులు, ఎవరికీ పట్టని పట్టు జాకెట్లు, పెళ్లివారు పెట్టిన సఫారీ గుడ్డ, ఎడమ కాలి బూటు అన్నీ ఒకే మూటలో కట్టాలి. విడదీసి 'ఆడవాళ్లవి', 'పిల్లలవి' అని రాయడం వల్ల అక్కడివాళ్లకి పని తగ్గిపోతుంది. తీరిక దొరికితే వాళ్లు మిమ్మల్ని ఏదైనా పని చెయ్యమనొచ్చు.

నీళ్లలోకి దిగేటప్పుడు

ఆరంగుళాల లోతు నీళ్లు జోరుగా పారుతుంటే నిలబడ్డ మనిషి కాళ్లు లేచిపోతాయనీ, రెండడుగుల ప్రవాహం చాలా కార్లని తేల్చి పట్టుకుపోతుందనీ ఎక్కడికెళ్లినా చెబుతుంటారు. మీరు మాత్రం మోకాలి లోతే కదా అని దిగాలి. బురద నీళ్లలో అడుగు కనబడదు కాబట్టి మూత తీసిన మ్యాన్‌హోలు ఉన్నదీ లేనిదీ కాలు పెట్టాకే తెలుస్తుంది. ముందు కర్ర గుచ్చి చూసి అడుగెయ్యడం పిరికివాళ్ల పద్ధతి. చెప్పులు తేలిపోతాయి, ఒట్టికాళ్లతో నడవండి. కాలికి చిన్న గాయం ఉంటే మరీ మంచిది. 2018 కేరళ వరదల తర్వాత ఎలుక జ్వరం ప్రబలితే అక్కడి ఆరోగ్య శాఖ నీళ్లలో పనిచేసిన వాలంటీర్లకి డాక్సీసైక్లిన్ బిళ్లలు ఇచ్చి మింగమని వెంటపడింది. మీరు తెచ్చుకున్న జ్వరానికి డాక్టరు ఎలాగూ ఒక మంచం ఇస్తాడు, అది వరద బాధితుల కోసం ఖాళీగా ఉంచిన మంచమైనా సరే.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకెయ్యండి. ఈత నేర్పేవాళ్లు ఒక వరస చెబుతారు: ముందు గట్టు మీంచి కర్ర అందించు, అందకపోతే తాడో గాలి నింపిన ట్యూబో విసురు, అదీ కాకపోతే పడవలో వెళ్లు, దిగడం అన్నిటికంటే ఆఖర్న. మునిగేవాడు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు, అది మీ మెడే అయితే ఇద్దరూ మునుగుతారు, అప్పుడు ఎన్డీఆర్ఎఫ్ పడవ ఇద్దరి కోసం వెతకాలి అని వాళ్ల వాదన. అంత వరస గుర్తుపెట్టుకునేలోగా వీడియో తీసేవాడి ఫోను ఛార్జింగు అయిపోతుంది.

మీ వైపు ఉదాహరణలు కావాలంటే బోలెడు. బుడమేరు విజయవాడని ముంచిన అదే సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాష్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి యంత్రం తీసుకెళ్లి వాళ్లని ఒడ్డుకి చేర్చాడు. ఆ సంగతి చెప్పి మీరు స్కూటరు మీద వెళ్లండి. జేసీబీ బరువు టన్నుల్లో ఉంటుందనీ, దాన్ని రోజూ నడిపే చెయ్యి అదనీ గుర్తుచేసేవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. కేరళలో 2018 ఆగస్టులో జాలర్లు ఆరు వందలకు పైగా పడవలు లారీలకెక్కించుకుని ఊళ్ల మీదకి వచ్చి వేలాది మందిని కాపాడారు. వాళ్లలో చాలామందినీ ముందు ఎవరూ పిలవలేదు, కాబట్టి మనల్నీ ఎవరూ పిలవక్కర్లేదు. వాళ్లు పుట్టినప్పటినుంచీ సముద్రం మీద ఉన్నవాళ్లనీ, ఏ గోడ ఎక్కడ మునిగి ఉందో చెప్పడానికి పడవలో ఆ వీధి మనిషిని కూర్చోబెట్టుకున్నారనీ, ప్రభుత్వం రోజుకి మూడు వేలు ఇస్తామంటే చాలామంది వద్దన్నారనీ – ఇవన్నీ వివరాలు. మీకు కావలసింది స్ఫూర్తి.

ఫోటోలు, ఫార్వర్డులు

'రాజరాజేశ్వరిపేట మూడో లైనులో నిండు గర్భిణి, సాయం చెయ్యండి' అని మెసేజి వస్తే పది గ్రూపులకి పంపండి. ఎన్నో తారీఖు, ఎన్ని గంటలకి, ఎవరు రాశారు అన్నది ఉంటే తీసెయ్యండి. ఆవిడ మొన్ననే పడవెక్కి, ఆసుపత్రిలో కాన్పై, ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తున్నా ఆ మెసేజి మాత్రం ఇంకో వారం తిరుగుతూనే ఉండాలి. దాన్ని చూసి ఒక పడవ ఆ లైనుకి వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. ఆ సమయానికి నాలుగో లైనులో నిజంగా ఎవరైనా ఉంటే అది వేరే మెసేజి.

ఫోన్ల గోలతో పాటు నోటి గోల కూడా ఉండాలి. మెక్సికో సిటీలో 2017 భూకంపమప్పుడు శిథిలాల మీద నిలబడి ఎవరైనా పిడికిలి ఎత్తితే, కింద ఇరుక్కున్నవాళ్ల మూలుగు వినబడుతుందేమోనని వీధి వీధంతా నోరు మూసుకునేది. మనం పిడికిలి ఎత్తేది నినాదానికి.

అధికారులకి ప్రత్యేకం

ఇంతవరకు వచ్చేవాళ్లకి చెప్పాను. రమ్మనాల్సినవాళ్లకి, అంటే తహసీల్దారు, కమిషనరు, వీఆర్వోల దాకా, చెప్పాల్సింది ఇంకా ఎక్కువే. ఈ మాట అనకూడదు గానీ, ఈ విద్యలో వాళ్ల అనుభవం ముందు మనం నిలబడలేం.

మొదటి పాఠం: జనం వస్తారని ముందుగా అనుకోవద్దు. ప్రతి వరదకీ వచ్చారు, ప్రతి తుఫానుకీ వచ్చారు, హుద్‌హుద్‌కీ వచ్చారు. అయినా ఈసారి రారనే ప్లాను రాసుకోవాలి. వస్తే అప్పుడు రెండే దారులు: లాఠీ చూపించి తరిమెయ్యడం, లేదా అందర్నీ ఒకేసారి వదిలెయ్యడం. మధ్యలో ఒక బల్ల మాత్రం వెయ్యకూడదు.

బల్ల గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, జపాన్ వాళ్లు సరిగ్గా అదే వేసి చెడిపోయారు. 1995 జనవరి 17న కోబె భూకంపంలో ఇళ్ల కింద సుమారు 35 వేల మంది చిక్కుకుంటే, వాళ్లలో దాదాపు 27 వేల మందిని బయటకి లాగింది ఇరుగుపొరుగువాళ్లేనని లెక్క తేలింది. ఆ ఏడాది పది లక్షలకు మించి వాలంటీర్లు వచ్చారు. చాలామందికి ఏం చెయ్యాలో తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. దాంతో వాళ్లకి బుద్ధొచ్చి, ఇప్పుడు విపత్తు రాగానే ఏ ఊళ్లోనైనా ఒక వాలంటీరు కేంద్రం తెరుస్తారు. వచ్చినవాడు ముందు పేరు రాయించుకోవాలి. వాలంటీరు బీమా ఉండాలి. పేరు టేపు మీద రాసి చొక్కా మీద అంటించుకోవాలి, కొత్త మొహాల మధ్య 'ఓయ్, నిన్నే' అనే పని లేకుండా. తిండీ నీళ్లూ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇంకో పక్క బాధితులు తమకేం కావాలో చెప్పుకునే చీటీలుంటాయి. ఈ ఇంట్లో బురద ఎత్తాలి, ఐదుగురు చాలు. ఆ ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంది, బీరువా జరపాలి, ఇద్దరు చాలు. చీటీనీ మనిషినీ కలిపి, ఒక పెద్దని తోడిచ్చి పంపుతారు. సాయంత్రం వచ్చి ఏం చేశామో, ఏం మిగిలిందో చెప్పి ఇంటికి పోవాలి.

మొత్తం సామగ్రి ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రిజిస్టరు, ఒక టేపు చుట్ట. ఖర్చు లేని పనికి టెండరు పిలవలేం. అందుకే మన దగ్గర ఇది పనికిరాదు.

బల్ల లేకపోతే సంభాషణ ఎంత సాఫీగా నడుస్తుందో చూడండి.

'సార్, నేను ఎలక్ట్రీషియన్ని. తడిసిన మీటరు బోర్డులు చూసి చెప్తాను, జనం తెలీక స్విచ్ వేస్తే షాక్ కొడుతుంది.'

'ఏ శాఖ?'

'శాఖేం లేదు సార్, గుంటూరు.'

'సరే, ఆ బియ్యం బస్తాలు దింపు.'

పక్కనే నిలబడ్డ స్టాఫ్ నర్సమ్మకి మంచినీళ్ల ప్యాకెట్లు పంచే పని ఇవ్వండి. పడవ నడపడం వచ్చినతన్ని క్యూ సరిచెయ్యమనండి. సొంత ట్రాక్టరు తెచ్చుకున్న రైతుని 'ఏం బాబాయ్, ఇక్కడ అడ్డం, అవతల పెట్టు' అని కిలోమీటరు వెనక్కి పంపండి. నీళ్లలో మనుషుల్ని మొయ్యడానికి ట్రాక్టరు కంటే నమ్మకమైన బండి లేదని అతనికి తెలుసు. మీకు తెలియకపోవడంలోనే అధికారం ఉంది. రెండ్రోజులు ఇలా నడిపితే పని వచ్చినవాళ్లు విసిగి వెళ్లిపోతారు, సెల్ఫీలవాళ్లు మిగులుతారు. అప్పుడు 'ఈ వాలంటీర్లంతా ఇంతేనండీ' అని ప్రెస్‌మీట్‌లో చెప్పడానికి బాగుంటుంది.

నీళ్లు తీశాక

టీవీ వ్యాను వెనకే మీ బండి కూడా బయల్దేరాలి. బుడమేరు గట్టుకి పడ్డ మూడు గండ్లూ పూడ్చి ముగించేసరికి సెప్టెంబరు 7 అయింది, అదీ సైన్యం వచ్చి చెయ్యేస్తే. అప్పటిదాకా ఎవరుంటారు? ఫైరింజన్లు వచ్చి గొట్టాలతో ఇళ్లు కడగడం మొదలుపెట్టే వేళకి మీరు సన్మానసభలో ఉండాలి.

నిజానికి మనుషులు ఎక్కువగా కావాల్సింది అప్పుడే కాబట్టి, మీరు అప్పుడు లేకుండా చూసుకోవడం ముఖ్యం. ఇంట్లో మడమ మునిగేంత బురద. ఫ్రిజ్ వెల్లకిలా పడుంది, తలుపు తీస్తే వారం నాటి పాలు. మంచం ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది. పరుపు నీళ్లు తాగి నలుగురు ఎత్తినా లేవదు. ఇంటాయనకి అరవై దాటాయి, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపం తర్వాత యూనివర్సిటీ పిల్లలు వేలమంది పారలూ తోపుడుబళ్లూ పట్టుకుని వీధి తర్వాత వీధి బురద ఎత్తారు. ఆ పనికి పెద్ద చదువేం అక్కర్లేదు. గంబూట్లు, గ్లవ్స్, ఒక పార, ఒక పూట చాలు. కానీ బురదలో మొహం సరిగ్గా కనబడదు.

బీరువా అడుగు అరలో ఒక పాలిథిన్ కవరుంటుంది. అందులో ఇంటి దస్తావేజులు, పిల్లాడి టెన్త్ మార్కుల మెమో, రేషన్ కార్డు, ఇన్సూరెన్సు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలా ఉంటాయి. మీరు చూస్తే చెత్తబుట్టలో వెయ్యండి. కుదిరితే ఎర్రటి ఎండలో పెట్టండి, పెళుసై చేతిలో ముక్కలవుతాయి. పొరపాటున కూడా లోపల నీడపట్టున, ఫ్యాను కింద, మధ్య మధ్యన పొడి న్యూస్‌పేపర్ పెట్టి, ఒక్కొక్క కాగితం నెమ్మదిగా విడదీస్తూ కూర్చోవద్దు. దానికో మధ్యాహ్నమంతా పడుతుంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో కొన్నవన్నీ ఎలా పోయాయో ఆవిడ చెబుతుంటే వినాల్సి వస్తుంది కూడా. లైవ్ పెట్టినా ఎవరూ చూడరు.

చివరిగా రెండు నంబర్లు. జిల్లా కంట్రోల్ రూముకి 1077, రాష్ట్రానికి 1070. ఎవరైనా రాసుకోమంటే నవ్వి ఊరుకోండి. పొరపాటున డయల్ చేస్తే, 'ఇవాళ అన్నం చాలా వచ్చిందండీ, ఎల్లుండి పారలు పట్టుకుని రండి' అనే ప్రమాదం ఉంది. అప్పుడు ఎల్లుండి వెళ్లక తప్పదు.